పంచెకట్టి సైకిలెక్కుదామా?

జనవరిలో ఒక ఆదివారం పొద్దున ధవళేశ్వరం నుంచి కడియం వైపు, కాలవ గట్ల వెంట, నలభై మందితో సైకిలు యాత్ర. సైకిళ్ళూ పాతవే, బట్టలూ పాతకాలానివే. ఇదీ సునంద సంకల్పం. హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మేనమామకు అది రుచించలేదు. ఇద్దరి మధ్యా సాగిన వాదన ఇది.

సునంద: ఆహ్వానపత్రం మీద మీ పేరే మొదట వెయ్యాలనుకుంటున్నాను మావయ్యా. మీ రాలీ సైకిలు ఇంకా వసారాలోనే ఉందిగా. టైర్లు మార్పించి, దాని మీద మీరు ముందు నడిస్తే మేమంతా వెనక వస్తాం.

మావయ్య: పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ పని ఎందుకో చెప్పు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ సైకిలు తొక్కింది సరదాకి కాదమ్మా. మా బడికి బస్సు లేదు. స్కూటరు కొనే స్తోమతు లేదు. వర్షాకాలంలో మడ్గార్డుల్లో బురద ఇరుక్కుని చక్రం తిరక్కపోతే, పుల్లతో గోకి, అప్పటికీ కదలకపోతే సైకిల్ని భుజానికెత్తుకుని నడిచేవాణ్ణి. ఆ అవస్థను మీరిప్పుడు వేషంగా కట్టి ఫోటోలు దిగుతామంటే నాకు మనసొప్పడం లేదు.

సునంద: అవసరంకొద్దీ చేసినంత మాత్రాన ఆ పనికి గౌరవం లేకుండా పోతుందా?

మావయ్య: పనికి గౌరవం ఉంది, వేషానికి లేదు. తెల్లారకముందే కారేజీకి రెండువైపులా కొబ్బరికాయలు కట్టుకుని పోయే మనిషి, పేపర్లు వేసే కుర్రాడు, పొలం పనికెళ్ళే కూలీ, వీళ్ళంతా ఇప్పటికీ ఆ సైకిలే తొక్కుతున్నారు. వాళ్ళకది పాతకాలం కాదు. ఈ పూట కూడు. వాళ్ళ పక్కనుంచి మీరు నలభై మంది ఇస్త్రీ పంచెల్లో బెల్లు కొట్టుకుంటూ పోతే వాళ్ళకేమనిపిస్తుందో ఆలోచించావా?

సునంద: ఆలోచించాను. అందుకే వేషం దగ్గర మొదలుపెట్టలేదు, దారి దగ్గర మొదలుపెట్టాను. ఇటలీలో చదువుకునేటప్పుడు నేను పాల్గొన్న యాత్ర సంగతి చెప్తాను, వినండి. టస్కనీలో గయోలె ఇన్ కియాంతి అని చిన్న ఊరు. చుట్టూ ద్రాక్షతోటలు, కొండలు, వాటి మధ్య తెల్లటి కంకర దారులు. 1990ల్లో ఆ దారుల మీద వరసగా తారు పరుస్తూ వచ్చారు. జాన్‌కార్లో బ్రోచ్చి అనే ఆయన దీన్నెలా ఆపాలా అని ఆలోచించి, పాత సైకిళ్ళ మీద, పాత ఉన్ని జెర్సీలు తొడుక్కుని, ఆ మట్టిదారుల్లోనే ఒక యాత్ర పెట్టాడు. 1997లో మొదటిసారి జరిగితే 92 మంది వచ్చారు. దాని పేరు లెరోయికా. ఇప్పుడు ఏటా అక్టోబరులో ప్రపంచం నలుమూలల నుంచీ వేలమంది వస్తున్నారు. మార్గమంతటా ఏడాది పొడుగునా నిలిచి ఉండే సూచికలు నాటారు. 2007లో అవే దారుల మీద వృత్తి క్రీడాకారుల పందెం మొదలైంది. స్త్రాదె బియాంకె అనే ఆ పందెం ఇవాళ సైక్లింగు ప్రపంచంలో పేరున్నవాటిలో ఒకటి. పనికిరానివని తారు పొయ్యబోయిన దారులే ఆ ప్రాంతానికి పేరు తెచ్చాయి.

మావయ్య: దారి కోసమైతే మామూలు బట్టల్లో, మామూలు సైకిళ్ళ మీద వెళ్ళొచ్చుగా. పాతవెందుకు?

సునంద: ఆ దారికి తగ్గ వేగం వాటికే ఉంది కాబట్టి. అక్కడ నియమాలు గట్టివి. సైకిలు 1987లోగానీ అంతకు ముందుగానీ తయారైనదై ఉండాలి. గేర్లు మార్చే మీటలు ఫ్రేము కిందిబారు మీద ఉండాలి, అంటే ఎక్కుడులో హేండిలు మీంచి చెయ్యి తీస్తేగానీ గేరు పడదు. బ్రేకు తీగలు హేండిలు పైన బయటికి కనపడుతూ ఉండాలి. బూటు పెడలుకి అతుక్కుపోయే కొత్త రకాలు కుదరవు, తోలుపట్టీ ఉన్న పెడలే కావాలి. లక్షలు పోసి కొన్న కార్బన్ సైకిలుకి అక్కడ చోటు లేదు. మెత్తటి కంకరలో వెనకచక్రం జారుతుంటే దిగి నడిపించుకోవడమే దిక్కు. ఒక ఎక్కుడులో నేనూ దిగాను. నా ముందు ఒక పెద్దాయన, వెనక ఇద్దరు ఆడవాళ్ళు, అందరం సైకిళ్ళు నెట్టుకుంటూ మాట్లాడుకుంటూ పైకి చేరాం. పైన ఊరివాళ్ళు పెట్టిన తిండి ఏమిటనుకున్నారు? రిబొల్లీత. మిగిలిపోయిన రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూర వేసి మళ్ళీ కాచిన పులుసు. మన చద్దన్నం లాంటిదే, పేదింటి తిండి. ఆ ఊళ్ళ బతుకుని అంత నెమ్మదిగా, అంత దగ్గరగా చూసే వీలు కారులో వెళ్తే దొరకదు.

మావయ్య: సరే, వాళ్ళ దారి వాళ్ళు కాపాడుకున్నారు. నువ్వు కాపాడేదేమిటి?

సునంద: మన గట్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యింది. దాని వెంబడి తవ్విన కాలవలు పొలాలకు నీళ్ళివ్వడమే కాదు, పడవలకు దారులు కూడా. గట్టు మీద మనుషులు నడుస్తూ తాడుతో పడవలు లాగేవారు. నడిచేవాళ్ళ కోసం పుట్టిన బాట అది. ఇవాళ దాని గతి మీకు తెలుసు. ఒకచోట చెత్త పోస్తారు, ఒకచోట ఆక్రమిస్తారు, ఇంకోచోట టిప్పర్లు తిరిగి గుంటలు పడతాయి. కారులో పోయేవాడికి ఇవి కనపడవు. సైకిలు మీద పోయేవాడికి ప్రతి గుంటా తెలుస్తుంది.

మావయ్య: ఒక్క ఆదివారం నలభైమంది తొక్కితే గట్టు బాగుపడుతుందా?

సునంద: ఒక్క ఆదివారంతో బాగుపడదు. ఏటా అదే ఆదివారం, అదే గట్టు మీద జరిగితే పడుతుంది. జనం వచ్చే రోజు ఒకటుందంటే ఊరు దారి శుభ్రం చేసుకుంటుంది. తీర్థానికి ముందు ఊళ్ళో బాటలు బాగుచెయ్యరూ?

మావయ్య: దారి మాట ఒప్పుకుంటాను. ఇక బట్టల మాట. లండన్లో కోట్లూ టోపీలూ వేసుకుని సైకిళ్ళు తొక్కుతారని టీవీలో చూశాను. అదీ నీ లెక్కలోదేనా?

సునంద: దాన్ని ట్వీడ్ రన్ అంటారు. 2009 జనవరిలో లండన్లో మొదలైంది. ముతక ఉన్నితో నేసిన ట్వీడు కోట్లు, మోకాలి కింద బిగించే పంట్లాలు, మధ్యలో టీ. మంచి మీసానికి కూడా బహుమతి ఇస్తారు. అది చూసి చాలా దేశాల్లో అలాంటివే పెట్టుకున్నారు.

మావయ్య: ట్వీడు కోటు ఎవరిది? వేటకెళ్ళే దొరది, ఎస్టేటున్న జమీందారుది. ఆ కాలం మీద మోజు వాళ్ళకుంటే ఉండొచ్చు. మనకెందుకు?

సునంద: దొర తొడుక్కున్న మాట నిజమే. నేసింది ఎవరో కూడా చూడాలి కదా. స్కాట్లండ్ పడమటి సముద్రంలో కొన్ని దీవులున్నాయి. అక్కడి నేతగాళ్ళు తమ ఇళ్ళల్లో చేత్తో నేసిన బట్టకే హారిస్ ట్వీడ్ అనే పేరు దక్కాలని 1993లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. ఉన్నికి రంగు వెయ్యడం, వడకడం కూడా ఆ దీవుల్లోనే జరగాలి. అక్కడి మగ్గాల్లో ఒక రకానికి కరెంటుండదు, సైకిలుకున్నట్టే పెడళ్ళుంటాయి. వాటిని తొక్కుతూ నేస్తారు. ఏటా ఆ కోటు కొనేవాళ్ళుంటేనే ఆ దీవుల్లో పెడలు తిరుగుతుంది. మనకూ బండారులంక ఉంది, ఉప్పాడ ఉంది, పొందూరు ఖద్దరుంది. మా యాత్రకు వచ్చేవాళ్ళు నాటకాల కంపెనీలో అద్దెకు తెచ్చిన పాలియెస్టరు పంచె కట్టకూడదని నా మొదటి నియమం. ఇంట్లో తాతగారి పంచె ఉంటే అది, లేకపోతే మగ్గం మీద నేసినది. చీరైనా అంతే.

మావయ్య: నీ మాట బాగానే ఉంది గానీ, నా అసలు అభ్యంతరం ఇంకా చెప్పలేదు. నువ్వు పాతకాలం అంటున్నావు. ఆ కాలం అందరికీ ఒకేలా ఉందా? నాతో పనిచేసిన ఒక మాస్టారు ఉండేవారు. దళితుడు. మంచి లెక్కల మాస్టారు. బడికి వెళ్ళే దారిలో ఒక ఊరు దాటాలి. ఆ ఊరి వీధి మొదట్లో ఆయన సైకిలు దిగి, నడిపించుకుంటూ వెళ్ళి, వీధి దాటాక మళ్ళీ ఎక్కేవారు. పక్కనే నేను దర్జాగా తొక్కుకుంటూ పోయేవాణ్ణి. కొన్నాళ్ళకు నేనూ దిగి ఆయనతో నడిచాను. కానీ ఆ వీధిలో ఎక్కి తొక్కే రోజు మా ఉద్యోగాల్లో చాలా ఆలస్యంగా వచ్చింది. పంచె, కండువా, పాత సైకిలు అనగానే నీకు అందం కనపడుతుంది. నాకు ఆ వీధి కనపడుతుంది. ఆయన మనవడు నీ యాత్రకొస్తే ఏ పాత రోజులను తలుచుకుని సంబరపడాలి?

సునంద: ఈ ప్రశ్న దాటేసి నేను యాత్ర జరపను మావయ్యా. కానీ ఆ మనవడు తొక్కకుండా ఆగిపోతే ఆ వీధి గెలిచినట్టు కాదా? ఆడవాళ్ళ సంగతి చూడండి. 1898లో లేడీ హార్బర్టన్ అనే ఆవిడ ఇంగ్లండులో సర్రే పల్లెసీమలో సైకిలు మీద వెళ్తూ, ఓక్‌హామ్ అనే ఊళ్ళో హోటలు దగ్గర ఆగింది. నేల జీరాడే గౌను చైనులో పడితే మనిషి కింద పడ్డట్టే కాబట్టి ఆవిడ గౌను బదులు వదులుగా ఉండే పంట్లాం లాంటిది తొడుక్కుంది. హోటలావిడ ఆ బట్టలు చూసి కాఫీ గదిలోకి రానివ్వలేదు, కావాలంటే బారు పక్క గదిలో కూర్చోమంది. సైకిలు యాత్రికుల సంఘం కోర్టుకెళ్ళింది. 1899లో తీర్పు హోటలు వైపే వచ్చింది. ఓడిపోయిన ఆ బట్టలనే ఇవాళ ఇంగ్లండులో పాత దుస్తుల యాత్రల్లో ఆడవాళ్ళు గర్వంగా వేసుకుంటున్నారు. అప్పుడు అడ్డుపెట్టినదాన్ని ఇప్పుడు అందరి కళ్ళెదుటా తొడుక్కోవడంలో న్యాయం ఉంది.

మావయ్య: అది వాళ్ళ కథ. మనవైపు ఆడవాళ్ళు చీరలో సైకిలు తొక్కిన కాలం ఎక్కడుంది? లేని గతాన్ని కల్పిస్తావా?

సునంద: కల్పించక్కర్లేదు. 1990ల మొదట్లో తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో, అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలమంది పల్లెటూరి ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. వ్యవసాయ కూలీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు. ఎగతాళి చేసినవాళ్ళున్నారు, నేర్పినవాళ్ళూ ఉన్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. చీరలోనే తొక్కారు. చీరకీ సైకిలుకీ మధ్య ఉన్న చరిత్ర అది. నా యాత్రలో చీరకట్టుకుని తొక్కే ఆడపిల్ల ఆ చరిత్రను తొడుక్కున్నట్టు.

మావయ్య: అయితే ఇది కూడా విను. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బివ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు లెక్క తీస్తే, ఆ వయసు ఆడపిల్లల చేరికలు సుమారు 30 శాతం పెరిగాయని తేలింది. బడి దూరంగా ఉన్న ఊళ్ళల్లోనే ఆ ఫలితం ఎక్కువ. అంటే సైకిలు ఇంకా భవిష్యత్తేనమ్మా. నువ్వేమో దాన్ని తీసుకెళ్ళి మ్యూజియంలో పెడుతున్నావు. ఇదే నా పేచీ.

సునంద: మ్యూజియంలో పెట్టిన సైకిలు తిరగదు. నేను తిప్పమంటున్నాను. తిరగాలంటే బాగుచేసేవాడుండాలి. ఇరుసులో కాటర్ పిన్ను వదులైతే పెడలు తొక్కినప్పుడల్లా టక్కుమంటుంది. దాన్ని సుత్తితో ఎంత దెబ్బ కొట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన మేస్త్రీలు మన ఊళ్ళో ఎంతమంది మిగిలారు? కడ్డీబ్రేకుల రబ్బరు రిమ్ము లోపలివైపు సమంగా తగిలేలా సరిచెయ్యడం ఎంతమందికి వచ్చు? ట్యూబు వాల్వుకి తొడిగే ఆ పలచటి రబ్బరు గొట్టం ముక్క ఉంది చూశారూ, అది లేకే గాలి నిలవక ఎన్ని సైకిళ్ళు మూలపడ్డాయో! అందుకే వచ్చినవాళ్ళ దగ్గర తీసుకునే రుసుములో ఖర్చులు పోగా మిగిలినదంతా ఊళ్ళోని సైకిలు షాపు మేస్త్రీకిచ్చి, చుట్టుపక్కల బళ్ళల్లో ఆడపిల్లల పాడైన సైకిళ్ళు బాగు చేయిద్దామని నా ఆలోచన. కోటు తొడుక్కుని టీ తాగి ఇంటికెళ్ళే యాత్ర నాకూ వద్దు.

మావయ్య: ఇప్పుడు నువ్వు మాట్లాడుతున్నది పని. సరే, పని గురించే అడుగుతాను. పంచె చైనులో పడితే?

సునంద: చైను కుడివైపు ఉంటుంది. నిండు చైను కవరున్న సైకిలైతే భయం లేదు. లేకపోతే పంచెను గోచీపోసి మోకాలి దాకా బిగించాలి. చీరైతే వెనకచక్రానికి వలకట్టు ఉన్న ఆడవాళ్ళ సైకిలు కావాలి, పైట నడుముకి దోపాలి. ఒక రోజు ముందు అదే బట్టలో ఒక కిలోమీటరు తొక్కి చూపించనివాళ్ళను గట్టెక్కనివ్వను.

మావయ్య: కడ్డీబ్రేకు వానలో పట్టదు. ఇనప రిమ్ము తడిస్తే సబ్బు రాసినట్టు జారుతుంది. మంచు పడ్డ పొద్దుట కూడా అంతే. నా మోచేతి మీద మచ్చ దాని గుర్తే.

సునంద: అందుకే జనవరి, అందుకే మంచు విడిచాకే బయల్దేరడం. రానూపోనూ పాతిక కిలోమీటర్లకు మించదు. నలభై మందికంటే ఒక్కరినీ చేర్చుకోను. నాలుగు జట్లు, జట్టుకో పెద్ద. అందరికంటే వెనక మేస్త్రీ ఉంటాడు, ఆయన్ని దాటి ఎవరూ వెనకబడకూడదు. జలవనరుల శాఖకూ, పంచాయతీలకూ, పోలీసులకూ ముందే ఉత్తరాలు రాస్తాను. హైవే దాటాల్సి వస్తే దిగి నడిపించుకుంటూ దాటడమే.

మావయ్య: తలకి?

సునంద: తలపాగా అనుకున్నాను.

మావయ్య: కుదరదు. గట్టుకి ఒకవైపు కాలవ, ఒకవైపు పల్లం. హెల్మెట్టు పెట్టుకోవాల్సిందే. పాతకాలం మెడ దాకానే, తలకి కాదు. ప్రాణం కంటే ఏ ముచ్చటా ఎక్కువ కాదు. ఈ ఒక్కటీ ఒప్పుకోకపోతే మాట ఇక్కడే ఆపేద్దాం.

సునంద: ఒప్పుకున్నాను. నీళ్ళకు మాత్రం ప్లాస్టిక్ సీసాలు తేనివ్వను. మరచెంబులు తెచ్చుకోవాలి, దారిలో ఊళ్ళల్లో నింపుకుంటాం. తిండి కడియంలో డ్వాక్రా మహిళల చేత వండిస్తాం, వాళ్ళు చెప్పిన ధర ఇచ్చి. పెరుగన్నం, ఆవకాయ, మినపసున్ని.

మావయ్య: ఫోటోల సంగతి?

సునంద: పొలంలో పనిచేసేవాళ్ళ దగ్గర ఆగి, అడగకుండా ఫోటో తియ్యకూడదు. వాళ్ళ సైకిలు పక్కన మన సైకిలు నిలబెట్టి నవ్వుతూ దిగడం అసలు కుదరదు. మీరు మొదట్లో అన్న మాటకు నా దగ్గరున్న జవాబు అదే. ఆ కొబ్బరికాయల మనిషికి మనం దారి ఇవ్వాలి. ఆయన బరువుతో వస్తున్నాడు, మనం ఖాళీ చేతుల్తో వస్తున్నాం.

మావయ్య: నీ మాటల్లో నాకు నమ్మకం కలిగించింది ఇదే. అయినా నా అనుమానం పూర్తిగా తీరలేదమ్మా. ఇలాంటివి పెద్దవైతే చెడిపోతాయి. నాలుగేళ్ళకి స్పాన్సరొస్తాడు, స్టేజీ వేస్తాడు. పాత సైకిళ్ళకు ధర పెరిగి, రోజూ తొక్కేవాడి దగ్గర్నుంచి కొనేసి గోడకు తగిలిస్తారు.

సునంద: ఆ ప్రమాదం ఉంది. అందుకే సంఖ్య పెంచను. ఇంకో ఊరివాళ్ళకు కావాలంటే వాళ్ళ కాలవ మీద, వాళ్ళ చెరువు గట్టు మీద, వాళ్ళ నేతబట్టలో వాళ్ళే పెట్టుకోవాలి.

మావయ్య: అయితే రాసుకో. ఒకటి, యాత్ర ఏ దారి కోసమో ఆహ్వానపత్రంలో మొదటి వాక్యంగా రావాలి. రెండు, ఆ రోజుల్లో ఆ దారిలో సైకిలు దిగి నడవాల్సి వచ్చిన ఇళ్ళ పిల్లల్ని మనమే వెళ్ళి పిలవాలి, వాళ్ళు ముందువరసలో తొక్కాలి. లెక్కల మాస్టారి మనవడి దగ్గరికి నేనే వెళ్తాను. అతను రానంటే ఆ మాటకూ విలువివ్వాలి, ఎందుకు రాలేదని అడక్కూడదు. మూడు, యాత్ర అయిన నెలలోపు ఎన్ని సైకిళ్ళు బాగు చేయించారో బడి బోర్డు మీద రాయాలి. ఈ మూడూ జరిగితే నా పేరు వెయ్యి. ముందుండి మాత్రం తొక్కను, వెనక మేస్త్రీ పక్కన వస్తాను.

సునంద: మూడూ జరుగుతాయి మావయ్యా. ఇది చదివి మీ ఊళ్ళోనూ ఇలాంటి యాత్ర పెట్టాలనుకునే మిత్రులారా, బట్టలు కొనబోయే ముందు దారి ఎంచుకోండి. ఆ దారిలో రోజూ సైకిలు తొక్కేవాళ్ళను వెళ్ళి కలవండి. వాళ్ళు సరేనన్న రోజునే తేదీ వెయ్యండి.